వన్స్‌మోర్

బెజవాడ ఆటోనగర్లో శౌరయ్య మేస్త్రి అంటే తెలియని లారీ డ్రైవరు లేడు. హనుమాన్ జంక్షన్ దగ్గర బండి ఆగిపోయినా సరే, దారిలో ఉన్న షెడ్లన్నీ దాటించి, తాడు కట్టి లాక్కొచ్చి మరీ అతని షెడ్డు ముందు పడేసేవాళ్ళు. పనిమంతుడు, అందులో మాట లేదు. కాకపోతే ఒక అలవాటుండేది. ఇంజను మోత వినగానే రోగమేమిటో తెలిసిపోయినా, ఓనరు వచ్చేదాకా దాని మీద చెయ్యి వేసేవాడు కాదు. డ్రైవరు కాళ్ళావేళ్ళా పడ్డా సరే. "ఓనరు తన చెవితో ఆ గోల వినాలిరా. విన్నాక ఆయన కళ్ళెదురుగా మనం పానా పెట్టి తిప్పితే గోల ఆగిపోవాలి. అప్పుడూ మేస్త్రి అంటే! ముందే బాగుచేసి చేతిలో పెట్టావనుకో, అసలు పాడయిందెక్కడయ్యా అంటాడు." ఇదీ అతని సిద్ధాంతం. ఆటోనగర్లో సగం మంది మేస్త్రీలు దాన్ని అతని దగ్గరే నేర్చుకున్నారు.

రెండోది నాటకాల పిచ్చి. గాంధీనగరంలో ఒక హాలుండేది. అక్కడ పద్యనాటకం పడిందంటే శౌరయ్య ముందు వరసలో ఉండాల్సిందే. ఆదివారం చర్చిలో పూజకైనా ఆలస్యంగా వెళ్ళేవాడేమో గానీ నాటకానికి మాత్రం తెర లేవకముందే హాజరు. పద్యం బ్రహ్మాండంగా పాడిన నటుడికి మనవాళ్ళు చేసే మర్యాద ఒకటుంది చూశారూ, రాగం తీసి ఆపీ ఆపకముందే "వన్స్‌మోర్" అని కేక పెట్టి అదే పద్యం మళ్ళీ పాడించుకోవడం, ఆ హాల్లో ఆ మొదటి కేక ఎప్పుడూ శౌరయ్యదే. కత్తిపోటు తిని నేలకొరిగిన వీరుడు కూడా ఆ కేక వింటే లేచి, పంచె దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ చక్కా పడి చచ్చిపోయేవాడు. తెర లాగే పుల్లయ్య మాత్రం విసుక్కునేవాడు. "ఈ శౌరయ్య ఉన్న రోజున ఎవడూ ఒక్కసారిగా చావడు గదరా బాబూ" అనేవాడు.

శౌరయ్య భార్య అమలమ్మ. పటమట చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే. గొంతు విప్పిందంటే వెనక బెంచీల్లో కునుకు తీసే ముసలాళ్ళు కూడా నిటారుగా కూర్చోవాల్సిందే. నోరు కూడా అలాంటిదే. మొగుడి నాటకాల పిచ్చిని ఆవిడ వేళాకోళం చేస్తుంటే ఇరుగుపొరుగు వాళ్ళు పని మానుకుని వినేవాళ్ళు. "ఏమయ్యో, రాత్రి కూడా నిద్దట్లో వన్స్‌మోర్ అన్నావు. ఏ రంభ పాడిందేంటి?" అనేది. ఆవిడ నవ్వుకీ మాటకీ పడిపోయే పెళ్ళి చేసుకున్నాడు శౌరయ్య, ఆ సంగతి పదిమందిలో చెప్పుకోడానికి సిగ్గుపడేవాడు కూడా కాదు.

అలాంటి అమలమ్మకి ఏం పోయేకాలం వచ్చిందో, ముందు నవ్వు పోయింది. తర్వాత సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోవడం మొదలెట్టాయి. పొద్దున లేచేసరికి మనిషి బాగానే ఉంటుంది, నీళ్ళు పడుతుంది, వంట చేస్తుంది, పొద్దెక్కేకొద్దీ కరిగిపోతుంది. షెడ్డు నుంచి మొగుడు ఇంటికొచ్చేసరికి తల నిలబెట్టలేక గోడకి ఆనుకుని, కళ్ళు సగం మూసి, ముక్కుతో మాట్లాడుతూ ఉంటుంది. "పొద్దున్న లేని రోగం నన్ను చూడగానే వస్తుందేమే? ఏంటీ నాటకాలు?" అని అరిచేవాడు శౌరయ్య. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాడు. దెబ్బ తిన్నాక కూడా ఆ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఏడుపూ లేదు, కోపమూ లేదు, మాడిపోయిన బల్బులా ఉంది ముఖం. అది చూసి అతనికి ఇంకా ఒళ్ళు మండింది. లోపల ఆవిడ ఎంత ఏడ్చిందో ఆ ముఖం బయటపెట్టలేకపోయిందని అతనికి అప్పుడు తెలియదు, పాపం ఆవిడకీ తెలియదు.

గుణదల మేరీమాతకి మొక్కుకున్నారు. బలానికి సూదులు పొడిపించారు. ఎవరో గాలి సోకిందన్నారు. ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆవిడ గొంతు గాలి తీసిన ట్యూబులాగా పోయింది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగితే నీళ్ళు ముక్కులోంచి వచ్చేశాయి. అప్పుడు భయపడ్డాడు శౌరయ్య. భయపడి సూర్యారావుపేటలో డాక్టర్ తిరుపతిరావుగారి దగ్గరికి రిక్షాలో వేసుకుని పరిగెత్తాడు.

తిరుపతిరావుగారు ఆవిణ్ణి పైకి చూడమన్నాడు. చూస్తూ ఉండమన్నాడు. చూస్తుండగానే రెప్పలు మెల్లమెల్లగా దిగిపోయాయి. ఆయన కుర్చీలోంచి అమాంతం లేచాడు. చేతులు రుద్దుకున్నాడు. "ఎన్నాళ్ళుగా చూస్తున్నానమ్మా నీలాంటి పేషెంటు కోసం!" అన్నాడు. "శౌరయ్యా, చాలా మంచి కేసు తెచ్చావోయ్. లక్షలో ఒకళ్ళకి గానీ రాదు. మయస్థీనియా."

మంచి కేసు అన్న మాట చెవిన పడగానే శౌరయ్యకి ప్రాణం లేచొచ్చింది. మంచి జరుగుతుందనే అర్థం చేసుకున్నాడు. నిజానికి జరిగింది కూడా. డాక్టరుగారు అతనికి అర్థమయ్యేలాగే చెప్పాడు. తీగ బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది, రెండూ కలిసే పాయింటు దగ్గర కరెంటు దూకడం లేదు, అంతే. అందుకే లోపల ఎంత ఏడుపున్నా ఆ ముఖానికి చూపించడం చేతకాదు. ఒక మాత్ర ఉంది, అది వేస్తే కొన్ని గంటల సేపు కరెంటు దూకుతుంది. మళ్ళీ ఆగిపోకముందే ఇంకోటి వెయ్యాలి. బెజవాడ మందుల షాపుల్లో దొరకదు, తానే మద్రాసు నుంచి తెప్పించి ఇస్తానన్నాడు. "ఒక్క పూట కూడా తప్పించకు. తప్పితే ముందు మింగడం పోతుంది, ఆ తర్వాత ఊపిరే పోతుంది. ఇది గుర్తుపెట్టుకో" అని వేలు చూపించి మరీ చెప్పాడు. అంత బాగా చెప్పాడు మహానుభావుడు.

మాత్ర పడింది. ఆ సాయంత్రం అమలమ్మ నవ్వింది. చాన్నాళ్ళ తర్వాత ఆ నవ్వు చూసి శౌరయ్య గడప మీద కూర్చుని వలవలా ఏడ్చాడు. "ఊరుకోవయ్యా, నాటకాలు నావా నీవా?" అంది ఆవిడ. ఆ మాటకి అతనికి సిగ్గుతో చచ్చినంత పనయింది. కొట్టిన చేత్తోనే వేళ తప్పకుండా మాత్ర వేశాడు అప్పట్నుంచీ. సీసా చొక్కా జేబులోనే ఉండేది, షెడ్డులో గ్రీజు చేతులతో ఉన్నా మాత్ర వేళకి ఇంటికి సైకిలు తొక్కేవాడు. ఆటోనగర్లో గర్వంగా కూడా చెప్పుకున్నాడు. "మా ఆవిడది లక్షలో ఒక కేసు. మేస్త్రి పెళ్ళాం గదా, మేస్త్రీనియా అంట" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, అతనూ నవ్వేవాడు.

దివిసీమ ఉప్పెన వచ్చిన సంవత్సరమే అది, ఎండాకాలం. గాంధీనగరంలో ఆ నాటకాల హాల్లోనే డాక్టర్ల సభ పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల డాక్టర్లందరూ వస్తారు, తమ దగ్గరికొచ్చిన అరుదైన కేసుల గురించి చెప్పుకుంటారు. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన ముఖ్య అతిథి. ఆయన చూసి తల ఊపాడంటే ఆ కేసు దేశమంతా చదివే వైద్య పత్రికలో అచ్చయినట్టే లెక్క. తిరుపతిరావుగారు శౌరయ్యని పిలిపించి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టడమంటే మాటలా, ఎదురుగా కుర్చీ వేయించి, కాఫీ కూడా ఇప్పించాడు.

"అమలమ్మని స్టేజీ మీద చూపిద్దామోయ్. అందరి ఎదురుగా ఇంజెక్షన్ ఇస్తాను. కాసేపట్లో రెప్పలు లేస్తాయి, గొంతు వస్తుంది. చూసినవాడు జన్మలో మర్చిపోడు. అయితే ఒకటి. ముందురోజు సాయంత్రం నుంచీ మాత్ర వెయ్యకు."

"అదేంటండీ, ఒక్క పూట కూడా తప్పించొద్దన్నారు గదండీ?"

"నేను పక్కనే ఉంటాగా! ఆలోచించు. మాత్ర వేసుకుని చక్కగా నవ్వుకుంటూ వచ్చి నిలబడితే, జబ్బేదీ, తిరుపతిరావు కోతలు కోస్తున్నాడంటారు. రోగం వాళ్ళ కళ్ళకి కనపడాలి. అన్నట్టు ఆ పొద్దున రిక్షాలో తీసుకురాకు, వీలైనంత నడిపించు. రెస్టు తీసుకుంటే మనిషి తేరుకుంటుంది."

ఇక శౌరయ్యకి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఓనరు చెవితో గోల వినాలి, అంతేగా! తన సిద్ధాంతమే డాక్టరుగారి నోట వింటుంటే ఛాతీ ఉబ్బింది. "అర్థమయిందండీ. ఓనరొచ్చేదాకా బండి ముట్టుకోకూడదు" అన్నాడు. తిరుపతిరావుగారు పకపకా నవ్వి భుజం తట్టాడు. అంత పెద్ద డాక్టరు భుజం తడితే ఎవరు మాత్రం కాదంటారు?

అమలమ్మ కాదంది. "నేనేమన్నా లారీనా?" అంది. "మనకి మాత్రలిచ్చే మనిషే. ఆయన మాట కాదంటే రేపెవరిస్తారే?" అన్నాడు శౌరయ్య. ఆవిడ మాత్రం ఇంకేం చేస్తుంది, ఆవిడ ఊపిరి ఆ సీసాలో ఉంది, సీసా వీళ్ళ చేతుల్లో ఉంది.

సభ రోజు పొద్దున మనిషి మెడ నిలవడం లేదు. పటమట నుంచి ఏలూరు రోడ్డు దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణుంచి నడిపించాడు. నాలుగడుగులకోసారి ఆగుతూ, గెడ్డం కింద తన చెయ్యి పెట్టి తల ఎత్తి పట్టుకుంటూ తీసుకొచ్చాడు. చూసేవాళ్ళు తాగిన ఆడదనుకున్నారు. హాలు గుమ్మంలో పుల్లయ్య ఎదురొచ్చాడు. "ఏం శౌరయ్యా, ఇవాళ వేషం మీ ఆవిడదేనంట గదా!" అని నవ్వి, ఆవిణ్ణి చూసి నవ్వు మానేసి, తెర వెనక వేషాలేసుకునే గదిలోకి తీసుకెళ్ళాడు. రాజులూ మంత్రులూ రంగు పూసుకునే పెద్ద అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టారు అమలమ్మని. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

ముఖ్య అతిథి రాలేదు. ఇబ్రహీంపట్నంలో అప్పుడు కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నారు గదా, దానికి ఇనప సామాను మోసుకెళ్ళే ట్రైలరొకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయిందిట. పెద్దాయన కారు దాని వెనక ఇరుక్కుపోయింది. "నన్ను పిలిస్తే క్షణంలో కదిలించేవాణ్ణి" అన్నాడు శౌరయ్య, పుల్లయ్యతో. పొద్దు బాగా ఎక్కింది. అమలమ్మ చొంగ మింగుకోలేకపోతోంది, శౌరయ్య తువ్వాలుతో తుడుస్తున్నాడు. చివరికి సభవాళ్ళు ఇక ఆగలేమన్నారు. తిరుపతిరావుగారు ముఖం గంటు పెట్టుకుని మైకు దగ్గరికెళ్ళాడు.

తెర లేచింది. హాలు నిండా డాక్టర్లు. అమలమ్మని స్టేజీ మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు, శౌరయ్య పక్కన తెర చాటున నిలబడ్డాడు. డాక్టరుగారు ఆవిడ గెడ్డం కింద ఆనించిన తన చెయ్యి తీసేశాడు. తల గుండెల మీదికి వాలిపోయింది. "చూశారా?" అన్నాడు. తల ఎత్తి రెప్పలు చూపించాడు. నవ్వమన్నాడు. పై పెదవి ఒక్కటే వంకరగా లేచింది, కుక్క పళ్ళు చూపించినట్టు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చర్చిలో రోజూ చెప్పుకునే పరలోక జపం చెప్పమన్నాడు. ఆవిడ మొదలుపెట్టింది. రోజువారీ తిండి అడిగే చోటికి వచ్చేసరికి గొంతు ముక్కులోకి పోయి, తర్వాత గాలి మిగిలి, ఆ గాలి కూడా ఆగింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. శౌరయ్య ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఓనరు చూస్తున్నాడు, ఇంకెంత, అని తనకి తానే చెప్పుకుని ఆగాడు.

అప్పుడు సూది వేశారు. డాక్టరుగారు ఇంగ్లీషులో ఏదో చెబుతూనే ఉన్నాడు, అందరి కళ్ళూ అమలమ్మ రెప్పల మీదే. కాసేపటికి తెర లేచినట్టు లేచాయి రెప్పలు. మెడ దానంతటదే నిలబడింది. ఆవిడ చుట్టూ చూసింది, చీర సర్దుకుంది, సిగ్గుపడి నవ్వింది, ఈసారి నవ్వులాగే నవ్వింది. "ఏదన్నా పాడమ్మా" అన్నాడు డాక్టరుగారు. ఆవిడ గొంతు సవరించుకుని మేరీమాత పాట ఒక చరణం ఎత్తుకుంది. అబ్బ, ఏం గొంతది! ముడతలు పడిన గుడ్డ ఇస్త్రీ చేసినట్టు, ఒక్క వణుకు లేకుండా పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, మెల్లగా దిగింది. ఆ హాల్లో ఎందరో మహా నటులు పాడారు, ఇంత బాగా ఎవడూ పాడలేదనిపించింది శౌరయ్యకి. ఆనందం పట్టలేకపోయాడు. ఎక్కడున్నాడో మర్చిపోయాడు, ఎందుకొచ్చాడో మర్చిపోయాడు. ఎప్పట్నుంచో అలవాటైన గొంతు దానంతటదే లేచింది.

"వన్స్‌మోర్!"

హాలు గొల్లుమంది. కృష్ణా జిల్లా డాక్టర్లు మాత్రం నాటకాలు చూడలేదా ఏం? వెనక వరసల్లోంచి కుర్ర డాక్టర్లు అందుకున్నారు, "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని. చప్పట్లు, ఈలలు. సరిగ్గా ఆ గోలలోనే వెనక తలుపు తీసుకుని చెమటలు కక్కుకుంటూ పెద్దాయన లోపలికి వచ్చాడు. ఏమిటీ సందడి అని అడిగాడు. చెప్పారు. "అరే, మంచిది తప్పిపోయిందే" అన్నాడు.

తిరుపతిరావుగారి ముఖం అప్పటిదాకా వెలిగిపోతున్నది కాస్తా మాడిపోయింది. ఎవరికి చూపించాలని ఇంత తతంగం చేశాడో ఆ మనిషి చూడనేలేదు. వెంటనే తేరుకున్నాడు. "భోజనాలయ్యాక మళ్ళీ చూపిస్తానండీ. అప్పటికి ఇంజెక్షన్ దిగిపోతుంది, మళ్ళీ మొదట్నుంచీ చూడొచ్చు."

"పేషెంటుకి ఇబ్బంది లేకపోతేనే సుమా" అన్నాడు పెద్దాయన.

"ఇబ్బందేముందండీ, వన్స్‌మోర్ అన్నది పేషెంటు భర్తే!"

మళ్ళీ నవ్వులు. శౌరయ్య కూడా నవ్వాడు. డాక్టరుగారు లోపలికొచ్చి, "ఇంకొక్కసారోయ్. అప్పటిదాకా మాత్ర ఇవ్వకు, ఇచ్చావంటే మొత్తం పాడవుతుంది" అని చెప్పి భోజనాలకి వెళ్ళిపోయాడు.

ఆ అద్దమున్న గదిలో అమలమ్మ పులిహోర పొట్లం విప్పుకుని ఆబగా తిన్నది. నములుతోంది, మింగుతోంది, ముందురోజు సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు గదా. తిని మంచినీళ్ళు తాగి, "ఇక మాత్ర ఇటివ్వవయ్యా. మళ్ళీ పడిపోకముందే వేసుకుంటా" అంది.

"ఇంకొక్కసారి చూపించాలంటనే. హైదరాబాదాయన చూళ్ళేదుగా."

ఆవిడ చెయ్యి చాపినది చాపినట్టే ఆగింది. "ఇంకోసారా? ఎవరడిగారు?"

శౌరయ్య తల గోక్కున్నాడు.

"ఎవరడిగారో నాకు తెలవదనుకున్నావా? పాట ఆపీ ఆపగానే విన్నా. ఆ గొంతు నేను గుర్తుపట్టనూ?" అంది. కోపంగానే అంది గానీ నవ్వొచ్చేసింది ఆవిడకి. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకి అరిచావు. నాకు అరిచావు ఇవాళ్టికి. బాగా పాడానా?"

"నీ తోడు, అంత బాగా ఎవరూ పాడలేదే" అన్నాడు శౌరయ్య.

"అయితే ఇచ్చెయ్యి మాత్ర. భయమేస్తోందయ్యా. పొద్దున ఊపిరి సగంలోనే ఆగిపోయింది, నీకు చెప్పడానికి నోరు రాలేదు."

ఇవ్వాల్సింది. ఇంకేం లేదు, ఆ ఒక్క క్షణాన ఇచ్చేసి ఉండాల్సింది. జేబు మీద చెయ్యి కూడా పెట్టాడు. కానీ డాక్టరుగారు భుజం తట్టి చెప్పిన మాట, చప్పట్లు, పెద్దాయన తల ఊపబోవడం, అన్నీ కళ్ళముందు కదిలాయి. "ఇంకెంతసేపే, భోజనం చేసి వచ్చేస్తారు. ఈ ఒక్కసారికి ఓర్చుకో" అన్నాడు. ఆవిడ చాపిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

భోజనాలు ఎంతకీ తెమల్లేదు. వడ్డించకముందు పెద్దాయనకి శాలువా కప్పారు, శాలువా కప్పాక ఆయన మాట్లాడాడు, ఆయన మాట్లాడాక ఆయన గురించి ఇంకెవరో మాట్లాడారు, అప్పుడు గానీ విస్తళ్ళు వెయ్యలేదు. మైకు మాటలు గోడల్లోంచి వినపడుతూనే ఉన్నాయి. ఇక్కడ అమలమ్మ రెప్పలు దిగిపోయాయి. మాట ముక్కులోకి పోయింది, తర్వాత అసలు పోయింది. మెడ వాలింది. ఆవిడ చెయ్యి మెల్లగా లేచి మొగుడి చొక్కా జేబు దాకా వచ్చింది. శౌరయ్య ఆ చేతిని పట్టుకున్నాడు. పట్టుకుని, తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, "వచ్చేస్తున్నారు, వచ్చేస్తున్నారు" అంటూ నిమిరాడు. ప్రేమగానే నిమిరాడు. ఆ చేతిలో విడిపించుకునే సత్తువ లేదు.

అతను ఆవిడ ముఖం చూశాడు. అద్దంలోనూ చూశాడు. భయం లేదు, బాధ లేదు. ప్రశాంతంగా ఉంది, కునుకు తీస్తున్న మనిషిలా. సరే పడుకుందిలే అనుకుని ఊరట పడ్డాడు. ఒకప్పుడు ఆ కదలని ముఖాన్నే పొగరనుకుని కొట్టాడు. ఇప్పుడు అదే ముఖాన్ని నిద్రనుకున్నాడు. ఆ ముఖానికి చూపించడం చేతకాదని డాక్టరు చెప్పగా విన్నవాడే, పొద్దున స్టేజీ మీద కళ్ళారా చూసినవాడే!

అరచేతిలో ఏదో గీరినట్టయింది. ఆవిడ చూపుడువేలు. ఒకసారి గీరింది, ఆగింది, మళ్ళీ గీరింది. కిందికి చూశాడు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. "అమలా! అమలా!" అన్నాడు. ఇక డాక్టరూ లేడు, ఓనరూ లేడు. సీసా మూత పంటితో పీకి మాత్ర ఆవిడ నాలిక మీద పెట్టి నీళ్ళు పోశాడు. నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. మాత్ర కూడా బయటికొచ్చి చీర మీద పడింది. దాన్ని ఏరి మళ్ళీ పెట్టాడు. ఆవిడ గొంతులో గురగురమని ఒక చప్పుడు వచ్చింది, అంతే, దగ్గు కూడా రాలేదు. దగ్గడానికి కూడా బలం కావాలిగా.

పుల్లయ్యని కేకేసి ఆవిణ్ణి పట్టుకోమని, హాలు వెనక్కి పరిగెత్తాడు. తిరుపతిరావుగారు పెద్దాయన చెయ్యి కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

"డాక్టరుగారండీ, మనిషి తేడాగా ఉందండీ, రండి!"

"ఏమైంది? మాత్రేమీ ఇవ్వలేదుగా?"

"ఇచ్చానండీ, మింగలేదండీ, రండి బాబూ!"

"ఛఛ, ఇచ్చావా! చెప్పాను గదయ్యా" అని విసుక్కున్నాడు డాక్టరు. పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఎవరో కిళ్ళీలు తెచ్చారు. "నిజానికి ఇప్పుడైతే పొద్దుటి కంటే బాగా కనపడుతుందండీ, అక్కడే చూద్దురు గాని" అన్నాడు డాక్టరు. అందరూ కలిసి బయల్దేరారు. శౌరయ్య ముందు పరిగెత్తుతూ, వెనక్కి వచ్చి వాళ్ళని తొందరపెడుతూ, మళ్ళీ ముందుకి పరిగెత్తుతూ వచ్చాడు.

గది నిండిపోయింది. పుల్లయ్య ఆవిడ తల తన పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. తిరుపతిరావుగారు అలవాటు ప్రకారం మొదలుపెట్టేశాడు. "చూడండి సార్, రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి. దవడ జారింది. ముఖంలో భావం అన్నది లేదు, ఇది చాలా ముఖ్యం. పొద్దున ఇంత స్పష్టంగా లేదు." గెడ్డం పట్టి తల ఎత్తి, వదిలేసి, ఎలా వాలుతుందో చూపించాడు. తల వాలింది. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు.

పెద్దాయన ఒక్కడే ముఖం చూడలేదు. ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. మెడ పక్కన వేళ్ళు పెట్టాడు. "సూది, సూది!" అన్నాడు. తిరుపతిరావుగారు సూది వేశాడు. గుండెల మీద నొక్కారు, నోట్లో నోరు పెట్టి ఊదారు. తర్వాత అందరూ ఊపిరి బిగబట్టి ఆవిడ రెప్పల వంకే చూశారు. శౌరయ్య కూడా చూశాడు. లేస్తుంది, చీర సర్దుకుంటుంది, సిగ్గుపడి నవ్వుతుంది, అనుకుంటూ చూశాడు. ఈ గదిలోంచి వెళ్ళి స్టేజీ మీద చచ్చిపోయిన వాళ్ళందరూ లేచారు, తను అరిచినప్పుడల్లా లేచారు.

రెప్పలు లేవలేదు.

"మాత్రలు ఎప్పట్నుంచి ఆపారు?" అన్నాడు పెద్దాయన, ఆవిడ చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టి. "పొద్దున ఒకసారి చూపించాక వెంటనే ఎందుకు మొదలెట్టలేదు?"

తిరుపతిరావుగారు పెదాలు తడుపుకున్నాడు. చుట్టూ చూశాడు. తన మీదున్న కళ్ళన్నీ వేరే ఎక్కడికైనా పంపాలన్నట్టు చూశాడు. చూపు శౌరయ్య మీద ఆగింది.

"ఇంకోసారి కావాలన్నది పేషెంటు భర్తేనండీ. హాలంతా విన్నారు. ఏం శౌరయ్యా, వన్స్‌మోర్ అని అరిచింది నువ్వు కాదూ?"

అందరూ అతని వంక తిరిగారు. కొందరు నిజమేనన్నట్టు తల ఊపారు. పెద్దాయన కూడా ఊపాడు. అబద్ధమేం కాదుగా మరి, అందరూ విన్నదే. అద్దంలో శౌరయ్యకి తన ముఖం కనపడింది, దాని పక్కన ఆవిడ ముఖం. ఏ భావమూ లేకుండా రెండూ ఒకేలా ఉన్నాయి. చేతులు కట్టుకుని వంగాడు. జేబులో సీసా గలగలమంది.

"అవునండీ" అన్నాడు. "నేనే అన్నానండీ."